టెక్ సందేహాలు: పుస్తకం తెరుచుకుంటుంది, ఇన్‌స్టాల్ అవదు

ప్రశ్న: మా డిగ్రీ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ప్రతి ఆదివారం ‘ఈ వారం ఏం చదువుతున్నారు’ అని మాట్లాడుకుంటాం. మొన్న ఒకాయన ఓ పాత నవల పేరుతో ఫైలు పెట్టారు. నొక్కితే ఫోన్ ఏదో పర్మిషన్ అడిగింది, ఇచ్చేశాను. ఇన్‌స్టాల్ అయిందని చూపించింది కానీ పుస్తకం ఎక్కడా కనిపించడం లేదు. ఏ యాప్‌లో తెరవాలి?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ఏ యాప్‌లోనూ తెరవకండి. ఈ జవాబు చదువుతున్నది ఆ ఫోన్‌లోనే అయితే ముందు డేటా, వైఫై రెండూ ఆపేసి, మిగతాది ఇంట్లో ఇంకెవరి ఫోన్‌లోనైనా చదవండి.

ఈ ఫిర్యాదు నాకు కొత్త కాదు. మొదట పెళ్లి శుభలేఖ అన్నారు, తర్వాత ట్రాఫిక్ చలాన్ అన్నారు, కరెంటు బిల్లు అన్నారు. ఇప్పుడు నవల. వేషం మారిందే తప్ప లోపల ఉన్నది అదే దొంగ. ఒక్క విషయం గుర్తుంటే చాలు: పుస్తకం ఎప్పుడూ ఇన్‌స్టాల్ అవదు. పీడీఎఫ్ అయినా ఈపబ్ అయినా తెరుచుకుంటుంది, అంతే. ఇన్‌స్టాల్ చేయమని అడిగిందంటే అది పుస్తకం కాదు, యాప్. ఫైలు పేరు చివరిదాకా చూస్తే ‘పీడీఎఫ్’ తర్వాత ఇంకో చుక్క, దాని పక్కన ‘ఏపీకే’ అని ఉంటుంది. ఆండ్రాయిడ్ యాప్ ఫైలుకు ఉండే తోక అది. పేరు కావాలనే పొడుగ్గా పెడతారు. ఫోన్ తెర మీద చివరి ముక్క కనపడకుండా పోతుంది కదా, అందుకు.

లోపలికి వచ్చాక అది అడిగేది ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి, నోటిఫికేషన్లు చూసే అనుమతి. అవి దొరికితే బ్యాంకు పంపే ఓటీపీ మీకంటే ముందు వాడికి చేరుతుంది. మీ వాట్సాప్ కూడా చేతికి చిక్కితే ఇదే ఫైలు మీ పేరుతో మీ గ్రూపులన్నిటికీ వెళ్తుంది. కాబట్టి ఆ ‘ఒకాయన’ని తిట్టకండి. బహుశా ఆయన పంపలేదు, ఆయన ఫోన్ పంపింది. మెసేజ్ పెట్టకుండా నేరుగా కాల్ చేసి చెప్పండి.

ఇప్పుడు చేయాల్సినవి. సెట్టింగ్స్‌లో యాప్స్ జాబితా తెరిచి, మీకు తెలియని దాన్ని వెతకండి. హోమ్ స్క్రీన్ మీద ఐకాన్ లేకపోయినా ఆ జాబితాలో ఉంటుంది. అన్‌ఇన్‌స్టాల్ బటన్ పనిచేయకపోతే అది డివైస్ అడ్మిన్ హక్కు, అంటే తనను తీసేయకుండా అడ్డుకోగల అధికారం, తెచ్చుకుందన్న మాట. సెక్యూరిటీ సెట్టింగ్స్‌లో ముందు ఆ హక్కు తీసేసి, తర్వాత తొలగించండి. వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ చూసి, మీవి కానివి లాగౌట్ చేయండి. వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పి నెట్ బ్యాంకింగ్, యూపీఐ ఆపించండి. పాస్‌వర్డ్‌లు కూడా వేరే ఫోన్ నుంచే మార్చండి. డబ్బు పోయినట్టు తెలిస్తే ఆలోచించకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బు మధ్యలో ఆగే అవకాశం అంత ఎక్కువ. ‘రేపు బ్యాంకుకెళ్లి కనుక్కుందాం’ అనుకుంటే రేపటికి అది నాలుగు ఖాతాలు దాటిపోతుంది. నన్నడిగితే ఫొటోలు కాపీ చేసుకుని ఫోన్‌ని పూర్తిగా రీసెట్ చేయడమే మేలు. చివరిగా, వాట్సాప్‌కి మీరిచ్చిన ‘తెలియని యాప్‌లు ఇన్‌స్టాల్ చేసే’ అనుమతిని వెనక్కి తీసుకోండి.

తప్పంతా మీదే అనను. ఫోన్లు తయారుచేసేవాళ్లు ఇలాంటి చోట హెచ్చరికను సన్నటి అక్షరాల్లో పెడతారు. దాని తెలుగు ఎవరు రాస్తారో గానీ మూడుసార్లు చదివినా అర్థం కాదు. కింద ‘అనుమతించు’ మాత్రం తళతళలాడుతూ ఉంటుంది.

అయితే పాఠకుల మీద కూడా నాకో కోపం ఉంది. ఎవరైనా ఓ నవల చదివి, అందులో ఏం నచ్చిందో నాలుగు మాటలు ఓపిగ్గా రాస్తారు. కింద మొదటి కామెంట్ ఏముంటుంది? ‘పీడీఎఫ్ ఉందా?’ రెండోది ‘నాక్కూడా’. మూడోది చేతులు జోడించిన బొమ్మ. ఈ అలవాటే దొంగకు తలుపు తీసింది. ఫైళ్లు ఎవరో పంపడం, మనం నొక్కడం మామూలైపోయాక, చెడ్డ ఫైలొకటి వచ్చి వాటిలో కలిసిపోవడం ఎంతసేపు?

చట్టం సంగతి కూడా చెప్పేస్తాను. మన దేశంలో రచయిత పోయాక 60 ఏళ్ల దాకా కాపీరైట్ ఉంటుంది. ఆ లెక్క చనిపోయిన మరుసటి సంవత్సరం నుంచి మొదలవుతుంది. గురజాడ అప్పారావు 1915లో కన్నుమూశారు. ఆయన బతికుండగా అచ్చయినవి ఎవరైనా ఎవరికైనా పంపుకోవచ్చు. కానీ అదే పుస్తకానికి ఈ మధ్య ఎవరో రాసిన ముందుమాటకు హక్కు వేరు. అనువాదమైతే అనువాదకుల హక్కు వేరు. మూల రచయిత వందేళ్ల నాటివాడైనా సరే, అనువాదకురాలు నిన్నటి మనిషి కావచ్చు. ఇక వెయ్యి కాపీలు అమ్ముడైతే పండగ చేసుకునే మన ప్రచురణకర్తల కొత్త పుస్తకాన్ని స్కాన్ చేసి గ్రూపులో పడేసేవాళ్లకు నేను చెప్పేదేమీ లేదు. పాతవి కావాలంటే డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేసిన తెలుగు పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో వేలకు వేలున్నాయి. అక్కడున్నంత మాత్రాన అన్నీ హక్కులు తీరినవే అనుకోకండి. హక్కులు తీరినదాన్ని పంపేటప్పుడు కూడా ఫైలు కాకుండా లింకు పంపండి. ఎక్కడి నుంచి వచ్చిందో అవతలివాళ్లకు కనపడుతుంది.

ప్రశ్న: చదువుతున్న పుస్తకాన్ని ఫొటో తీసి స్టేటస్‌లో పెడుతుంటాను. అందులో కూడా ప్రమాదం ఉందంటారా?
- ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: పుస్తకంలో లేదు, పక్కనున్న వాటిలో ఉంది. ‘ఇప్పుడే వచ్చింది!’ అని పార్సిల్ కవరుతో సహా పెట్టేవాళ్లు చాలామంది. దాని లేబుల్ మీద మీ పేరు, డోర్ నంబరుతో సహా అడ్రసు, ఒక్కోసారి ఫోన్ నంబరు. కాస్త జూమ్ చేస్తే అన్నీ చదవొచ్చు. తర్వాత ఎవడో కొరియర్ ఆఫీసు పేరుతో ఫోన్ చేసి, మీరు కొన్న పుస్తకం పేరే చెప్పి, ‘ఐదు రూపాయలు కట్టాలి, లింకు పంపిస్తున్నా’ అంటే ఎందుకు నమ్మరు? ఇంకొకాయన విమానం బోర్డింగ్ పాస్‌ని బుక్‌మార్క్‌గా పెట్టుకుని ఫొటో తీశారు. పీఎన్‌ఆర్, ఇంటిపేరు రెండూ స్పష్టంగా ఉన్నాయి. తిరుగు ప్రయాణం టికెట్ మార్చేయడానికి కొన్నిచోట్ల ఆ రెండూ చాలు. ఇంకోటి, ఫొటోని వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపితే అది ఎక్కడ తీశారో చెప్పే లొకేషన్ వివరాలు కూడా దాంతోపాటు వెళ్లొచ్చు. మామూలు ఫొటోగా పంపండి.

ప్రశ్న: చదివిన పుస్తకాలు నమోదు చేసుకునే యాప్ ఒకటి వేసుకున్నాను. నేను ఎవరికీ చెప్పలేదు. కానీ ‘విడాకుల గురించి చదువుతున్నావట, అంతా బాగేనా?’ అని ఆఫీసులో ఒకావిడ అడిగింది. ఆమెకెలా తెలిసింది?
- పేరు వద్దన్న పాఠకురాలు, బెంగళూరు

జవాబు: యాప్ వేసుకున్న రోజు ‘స్నేహితులను కనుక్కోండి’ అని అడిగి ఉంటుంది. మీరు సరే అన్నారు. మీ కాంటాక్ట్స్ మొత్తం వాళ్ల సర్వర్‌కి వెళ్లాయి. ఆ ఆఫీసావిడ కూడా అదే యాప్‌లో ఉంది. మీ ప్రొఫైల్ అందరికీ కనపడేలా ముందే పెట్టి ఉంటుంది కాబట్టి, మీరు పుస్తకం చేర్చుకోగానే ఆవిడకు కబురందింది.

ఇలాంటి యాప్‌ల మీద నా అభిప్రాయం అడక్కపోయినా చెబుతాను. చదవడాన్ని పరుగుపందెం చేశాయివి. ఏడాదికి 50 పుస్తకాలని టార్గెట్ పెట్టుకోమంటాయి, వెనకబడితే గుర్తుచేస్తాయి, డిసెంబరులో రంగురంగుల కార్డు ఇచ్చి పదిమందికీ చూపించుకోమంటాయి. అది భరించొచ్చు. భరించలేనిది ఆ డిఫాల్ట్. మనిషి రహస్యంగా చదివేవాటిలో జబ్బు ఉంటుంది, కాపురం ఉంటుంది, నమ్మకం, రాజకీయం, ఉద్యోగం మారే ఆలోచన ఉంటాయి. డాక్టరుకు చెప్పనిది కూడా పుస్తకాన్ని అడుగుతాం. దాన్ని చాటింపు వేసి, ‘వద్దనుకుంటే సెట్టింగ్స్‌లో మార్చుకోవచ్చు’ అనడం ఇంటికి తలుపు పెట్టకుండా కట్టి, కావాలంటే తెచ్చుకోమన్నట్టుంది. చదివే పరికరాలదీ ఇదే వరస. నాన్నగారి అకౌంటుతో కొడుకు కూడా లాగిన్ అయితే, ఒకరి పుస్తకాలు ఇంకొకరి లైబ్రరీలో వరసగా కనిపిస్తాయి. ఆ ఇంట్లో జరిగిన గొడవ గురించి నాకో ఉత్తరం వచ్చింది, వివరాలు వద్దులెండి.

మీరు చేయాల్సింది: ప్రొఫైల్‌ను ప్రైవేట్‌గా మార్చండి. గీతలు గీసుకున్న వాక్యాలు, రాసుకున్న నోట్స్ ఎవరికి కనపడాలో చాలాచోట్ల విడిగా ఉంటుంది, అదీ చూడండి. కాంటాక్ట్స్ పర్మిషన్ ఫోన్‌లో తీసేస్తే సరిపోదు. ఇప్పటికే పైకి వెళ్లినవాటిని యాప్ లోపలే డిలీట్ చేయాలి.

ప్రశ్న: మా రీడింగ్ గ్రూపులో రెండేళ్లుగా వందల పుస్తకాలు సిఫార్సు చేసుకున్నాం. ఇప్పుడు వెతికితే ఏదీ దొరకడం లేదు. జాబితా ఎలా చేయాలి?
- ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: దొరక్కపోవడానికి కారణం మీ స్పెల్లింగులు. ‘కథలు’ అన్న మాటను ఇంగ్లిష్ అక్షరాల్లో రాయమంటే ఒకరు ‘టీ’ తర్వాత ‘హెచ్’ పెడతారు, ఒకరు పెట్టరు, ఒకరు ‘డీ హెచ్’ రాస్తారు. వెతుకుపెట్టెకు ఈ మూడూ వేర్వేరు మాటలు. తెలుగు లిపి 1991 నుంచీ యూనికోడ్‌లో, అంటే అన్ని పరికరాలూ ఒకేలా గుర్తుపట్టే అక్షరాల పట్టికలో, ఉంది. పుస్తకం పేరు తెలుగులో టైపు చేయడానికి ఇంకా ఏం కావాలి? ప్రచురణకర్తలూ తక్కువేం కాదు. యూనికోడ్ కాని పాత డీటీపీ ఫాంట్లతో చేసిన పీడీఎఫ్‌లోంచి ఒక వాక్యం కాపీ చేస్తే బయటికొచ్చేది గజిబిజి గుర్తులు. అలాంటిది వెతికితే ఎలా దొరుకుతుంది?

పేరు, రచయిత, ప్రచురణ సంస్థ, ఎవరు చెప్పారు అని నాలుగు గళ్లతో ఒక ఆన్‌లైన్ షీట్ పెట్టుకోండి. అట్ట వెనుక ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకాన్ని గుర్తుపట్టే నంబరు, ఉంటే ఆ 13 అంకెలూ రాయండి. మన దేశానివి 978 తర్వాత 81తోనో 93తోనో మొదలవుతాయి. మన దగ్గర చాలా పుస్తకాలకు అది ఉండదు, ఉన్నప్పుడు మాత్రం ఒకే పేరున్న రెండు పుస్తకాల తికమక పోతుంది. షీట్ లింకును ‘చూడటానికి మాత్రమే’ అని పెట్టి, మార్చే హక్కు ఇద్దరికే ఇవ్వండి. మా గ్రూపులో అందరికీ ఇచ్చాం. ఒక పెద్దాయన అక్షరక్రమంలో ఉంటే బాగుంటుందని పేర్ల గడి ఒక్కటే సార్ట్ చేశారు. రచయితలు మాత్రం ఎక్కడివాళ్లక్కడే ఉండిపోయారు. వెర్షన్ హిస్టరీలోకి వెళ్లి పాతది తెచ్చుకునేలోపు ముగ్గురు పుస్తకాల షాపుకెళ్లి, లేని పుస్తకాల కోసం షాపాయనతో వాదించి వచ్చారు.