ఏళ్ల తరబడి క్రైస్తవ మిషన్ సేవ చేస్తే మనిషిలో ఏం మారుతుంది?

ముందు మారేది భాష. అమెరికా నుంచి వచ్చిన డాక్టర్ జేకబ్ ఛాంబర్లేన్ మదనపల్లెలో దశాబ్దాలు వైద్యం, బోధ చేశారు, తెలుగు బైబిల్ సవరణలోనూ పాలుపంచుకున్నారు. 1908లో కన్నుమూసింది కూడా మదనపల్లెలోనే. అన్నేళ్లయ్యాక ఏది సొంతూరో చెప్పడం కష్టమే.

అంతకన్నా లోతుగా మారేది ఓపిక, నా దృష్టిలో. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం శానటోరియం 1915లో మొదలైనప్పుడు టీబీకి మందే లేదు. మంచి గాలి, తిండి, విశ్రాంతి, అంతే. రోగులు నెలల తరబడి ఉండేవాళ్లు. చూసుకునేవాళ్లకు వాళ్లు ఇంటి మనుషులైపోయేవాళ్లు.

మా అవ్వ చిత్తూరు వైపు ఒక మిషన్ ఆస్పత్రిలో ముప్పై ఏళ్లు ఆయాగా చేసింది. రిటైరయ్యాక కూడా బస్సులో వెనక సీటులో ఎవరైనా దగ్గితే మాట ఆపేసేది. తిరిగి చూసి, "ఎన్నాళ్లుగా దగ్గు నాయనా? కళ్లె పరీక్ష చేయించినావా?" అని అడిగేది. అన్నం పెట్టే ముందు మోచేతుల దాకా సబ్బు రుద్దుకునేది.

నష్టం కూడా ఉంది. నైట్ డ్యూటీల వల్ల మా అమ్మ చిన్నతనమంతా పక్కింట్లోనే గడిచింది. అమ్మకు ఆ బాధ ఇప్పటికీ ఉంది. అయినా అమ్మ, అవ్వ బైబిల్‌ను తన తలగడ పక్కనే పెట్టుకుంటుంది.