గుమ్మడి నర్సయ్య ఎన్నిసార్లు ఎమ్మెల్యేగా గెలిచారు?

ఐదుసార్లు, అదీ ఒక్క ఇల్లెందు నుంచే: 1983, 1985, 1989, 1999, 2004. మధ్యలో 1994లో ఓడారు, 2009లో మళ్లీ ఓడారు.

ఐదు గెలుపులంటే పాతికేళ్లని చాలామంది లెక్కేస్తారు, నిజానికి సుమారు 21 ఏళ్లే. ఎన్టీఆర్ అసెంబ్లీని రద్దు చేయడంతో 1985లో ముందే ఎన్నికలొచ్చాయి, చంద్రబాబు రద్దు చేయడంతో 2004లోనూ అంతే.

ఇల్లెందు ఎస్టీ రిజర్వుడు స్థానం, సింగరేణి బొగ్గుకు పుట్టినిల్లు. నర్సయ్య సీపీఐ (ఎంఎల్) న్యూడెమోక్రసీ అనే చిన్న వామపక్ష పార్టీ నాయకుడిగా పేరు తెచ్చుకున్నారు. పెద్ద పార్టీ అండ లేకుండా ఇన్నిసార్లు గెలవడం మామూలు విషయం కాదు. పోడు భూములు, తునికాకు రేటు కోసం కొట్లాడే మనిషని జనం నమ్మారు. ఎమ్మెల్యేగా ఉన్నప్పుడూ ఆర్టీసీ బస్సులోనే తిరిగారు. పదవి పోయాక సైకిల్ తొక్కుతూ కనిపించే ఆయన్ని చూస్తే నాకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.