వినాళ గ్రంథిలో ‘వి’ ఏమంటున్నది?

సందేహం: హార్మోన్లను స్రవించే వినాళ గ్రంథుల పేరులోని ‘వి’కి విశేషార్థమా, అభావార్థమా? దానికి బదులు అంతస్స్రావ గ్రంథులు అనడం మేలా?

సమాధానం: ఇక్కడ అభావార్థమే, అంటే నాళం లేనిదని. అయితే ‘వి’ ఒక్క అర్థానికి కట్టుబడే ఉపసర్గ కాదు. విజ్ఞానం, విఖ్యాతి వంటి మాటల్లో అది విశేషార్థకం. విముఖుడికి ముఖం లేకపోలేదు, అది పక్కకు తిరిగి ఉన్నదంతే. ‘వికచం’ మరీ చిత్రమైనది: కమలానికి విశేషణమైతే విచ్చుకొన్నదని, తలకు విశేషణమైతే వెంట్రుకలు లేనిదని అర్థం, పద్మవర్ణనకూ బట్టతల వర్ణనకూ ఒకే పదం చాలిందన్నమాట! నామంతో చేరి బహువ్రీహి అయినప్పుడు మాత్రం విమల, విఫల, వివస్త్ర అన్నట్లు లేమియే ఎక్కువగా స్ఫురిస్తుంది. వివస్త్రకు విశేషమైన చీర కట్టినదని ఎవరూ అర్థం చెప్పరు గదా. నిర్నాళ గ్రంథి అన్నా ఇదే భావం.

వ్యుత్పత్తి నిర్దుష్టమే గాని, ఆ మాట నాళం లేదని చెప్పి ఊరుకొంటుంది. స్రావం ఎటు పోతున్నదో చెప్పదు, అసలు విషయమేమో అదే. 1902లో ఆంగ్ల శరీరధర్మ శాస్త్రవేత్తలు బేలిస్, స్టార్లింగులు పేగులో ఒక భాగానికి వెళ్లే నాడులను తెంచి, అందులో ఆమ్లం పోసినా, క్లోమం (పాంక్రియాస్) రసాన్ని స్రవించింది. పేగు లోపలి పొరలో పుట్టిన సెక్రెటిన్ రక్తంలో కలిసి క్లోమాన్ని చేరి దాన్ని పురికొల్పుతున్నదని వారు తేల్చారు. 1905లో స్టార్లింగ్ అటువంటి పదార్థాలకు ‘ప్రేరేపించు’ అనే అర్థం గల గ్రీకు ధాతువు నుంచి హార్మోను అనే పేరు తెచ్చాడు. రక్తం ఆ పదార్థాన్ని ఒళ్లంతా తిప్పినా, దాన్ని పట్టుకొనే తగిన గ్రాహకాలున్న కణాలే దానికి స్పందిస్తాయి.

ఇక క్లోమం జీర్ణరసాన్ని నాళం ద్వారా పేగుకూ, ఇన్సులిన్‌ను నేరుగా రక్తానికీ ఇస్తుంది. దాన్ని వినాళమంటే ఉన్న నాళాన్ని కాదనవలసి వస్తుంది. కనుక అంతస్స్రావం విస్తృతికి తగిన మాట. అవటు (థైరాయిడ్), అధివృక్క (ఎడ్రినల్) గ్రంథులను వినాళాలంటే తప్పుపట్టను. పాఠ్యపుస్తకాల్లో నిలదొక్కుకొన్న మాటను తోసిపుచ్చడం నాకు అంతగా రుచించదు.

‘హార్మోన్లు గ్రంథులచే విడుదల చేయబడతాయి’ అని రాసేవారితోనే నా పేచీ. గ్రంథి హార్మోనును స్రవిస్తుందంటే ఏం లోటు? మీ ఉత్తరంలోనూ ‘గ్రంధి’ అని ధకారమే కనిపించింది. ముడి అనే అర్థం గల ఆ మాటకు థకారమే సాధువు.