దిండు మోకాలి కింద కాదు

చెల్లాయ్,

నీ మోకాలి మార్పిడి ఆపరేషన్ తేదీ ఖాయమైందని మీ పెద్దోడు ఫోన్ చేశాడు. ఆపరేషన్ గురించి టెన్షన్ పడకు, అది డాక్టరు పని. తర్వాతి ఆరు వారాలే నీ పని.

మరుసటి రోజే వాకర్ ఇచ్చి నిలబెడతారు. భయపడకు, కొత్త కీలు నీ బరువు మోస్తుంది. పడుకున్నంతసేపూ పాదాలు పైకీ కిందకీ ఆడిస్తూ ఉండు, పిక్కల్లో రక్తం గడ్డకట్టకుండా.

పది రోజులు ఆసుపత్రిలోనే ఉండి ఫిజియో వ్యాయామాలు చేయించుకోమని అనొచ్చు. ఒంటరివాళ్లకీ, రెండు మోకాళ్లూ ఒకేసారి మార్పించుకున్నవాళ్లకీ అది మంచిదే. నీకు ఒక్క కాలే, కోడలు ఇంట్లోనే ఉంది. ఫిజియోని ఇంటికే పిలిపించుకో. మెట్లు దిగగలిగాక క్లినిక్‌కి వెళ్లు. అక్కడ సైకిలుంటుంది, పైగా నీలాంటివాళ్లు నలుగురు కనిపిస్తే పంతం వస్తుంది. కాలు దానంతటదే వంచే మిషన్ అద్దెకి తెస్తామంటే మాత్రం వద్దను. దాంతో పెద్దగా ఒరిగేదేం లేదు.

ఫిజియో ఉండేది ముప్పావుగంట. మిగతా రోజంతా మనదే, నా మోకాలు మార్పించుకున్నప్పుడు నేను దెబ్బతిన్నదీ అక్కడే. హాయిగా ఉందని మోకాలి కింద దిండు పెట్టుకు పడుకునేదాన్ని. వద్దని డిశ్చార్జి రోజు ఎవరూ చెప్పలేదు. పది రోజులకి ఫిజియో అబ్బాయి కాలు చాపించి చూస్తే, మోకాలికీ మంచానికీ మధ్య పిడికిలి దూరేంత సందు! దిండు లాగేసి, తువ్వాలు చుట్టి మడమ కింద పెట్టాడు. "తొడ బిగించి మోకాలిని కిందకి నొక్కండమ్మా, ఐదు లెక్కపెట్టండి" అన్నాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ సందు పూడడానికి నెల పట్టింది. చూడ్డానికొచ్చిన ప్రతివాళ్లూ ఎంత వంగుతోందనే అడుగుతారు. రెండు వారాలకి 90 డిగ్రీలు వంగితే బాగున్నట్టే. కాలు పూర్తిగా చాపలేకపోతే మాత్రం కుంటుతూనే నడవాలి.

నొప్పి మాత్ర వ్యాయామానికి అరగంట ముందు వేసుకో. అయ్యాక ఐసు గుడ్డలో చుట్టి పావుగంట పెట్టు. మెట్లెక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. బాత్రూంలో కమోడూ, పట్టుకోడానికి కడ్డీ ఇప్పుడే పెట్టించు. పిక్క వాచి నొప్పెట్టినా, కుట్ల దగ్గర తడి కారినా, జ్వరమొచ్చినా వెంటనే డాక్టరుకి చెప్పు. ఆయాసమొస్తే ఫోన్లు చేస్తూ కూర్చోక, నేరుగా ఆసుపత్రికే వెళ్లిపో.

వాకర్ కొనకు. నాది అటక మీదుంది, పెద్దోణ్ణి పంపు. ఒక కాలికి రబ్బరు బుడిపె అరిగింది, జారకుండా అది మార్పించుకో.

మీ అక్క