డూప్లికేట్ కీ ఎర్రర్: సీక్వెన్స్‌లు చూడండి

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌ను లాజికల్ రెప్లికేషన్‌తో (మార్పులను ఎప్పటికప్పుడు ఇంకో డేటాబేస్‌కి కాపీ చేసే పద్ధతి) అమెజాన్ ఆర్‌డీఎస్ నుంచి గూగుల్ క్లౌడ్ ఎస్‌క్యూఎల్‌కి మార్చాక, పాత డేటా అంతా ఉన్నా కొత్త ఆర్డర్ ఎక్కిస్తే డూప్లికేట్ కీ ఎర్రర్ (ఆ ఐడీ ఇప్పటికే ఉందనే ఎర్రర్) వస్తోందన్నారు కదా. టెన్షన్ వద్దు, డేటా పాడవలేదు. మీరు వాడే 14వ వెర్షన్‌లో రెప్లికేషన్ టేబుల్‌లోని వరసలను (రోలను) తెస్తుంది గానీ సీక్వెన్స్ (తర్వాతి ఐడీ ఇచ్చే కౌంటర్) విలువలను తేదు. అందుకే కొత్త చోట ఐడీ మళ్లీ 1 నుంచి మొదలై, ఉన్నవాటికే తగులుతోంది.

ముందు పాత డేటాబేస్‌లోకి రాతలు ఆగాయో లేదో చూడండి. తర్వాత ప్రతి టేబుల్‌లో గరిష్ఠ ఐడీ తీసి, సెట్‌వాల్ ఫంక్షన్‌తో సీక్వెన్స్‌ను అక్కడికి జరపండి. నేనైతే ఇంకో వెయ్యి కలిపే పెడతాను. రుషికొండ ఆఫీసులో ఒక్క టేబుల్ మర్చిపోయి, రాత్రి రెండింటిదాకా టీలు తాగుతూ కూర్చున్నాం మరి!

అన్నీ సర్దుకున్నాక పాత వైపు రెప్లికేషన్ స్లాట్ (కొత్త వైపు ఎంతవరకు చదివిందో గుర్తుపెట్టుకునేది) తీసేయండి. వదిలేస్తే వాల్ ఫైళ్లు (మార్పులు రాసిపెట్టే లాగ్) పేరుకుని డిస్క్ నిండిపోతుంది.