విమ్ టెక్స్ట్ ఎడిటర్‌లో ఒకసారి చేసిన రీప్లేస్‌ను మళ్లీ టైప్ చేయకుండా రిపీట్ చేయడం ఎలా?

ఒక లైన్లో :ఎస్ కమాండ్‌తో 8080ని 9090గా మార్చారు, కింది లైన్‌కి వెళ్లి డాట్ నొక్కితే ఏమీ మారలేదు అంటున్నారు. మారదు మరి. డాట్ నార్మల్ మోడ్‌లో (నొక్కిన కీలే కమాండ్లుగా పనిచేసే మోడ్) చేసిన మార్పులనే తిరిగి చేస్తుంది. కోలన్ కొట్టి ఇచ్చిన కమాండ్ దాని లెక్కలోకి రాదు.

దీనికి అందరూ చెప్పేది & కీ. నొక్కితే చివరి రీప్లేస్ కర్సర్ ఉన్న లైన్ మీద మళ్లీ నడుస్తుంది. కానీ ఒక మెలిక ఉంది: ఫ్లాగ్స్‌ని, అంటే కమాండ్ చివర పెట్టే అక్షరాల్ని, వదిలేస్తుంది. లైన్లో ఉన్నవన్నీ మార్చమని మీరు చివర జీ పెట్టి ఉన్నా, లైన్లో మొదటిదాన్ని మాత్రమే మారుస్తుంది. నాకు రోజూ డాకర్ (ప్రోగ్రాములను కంటైనర్లలో నడిపే సాధనం) కాంపోజ్ ఫైళ్లతోనే పని. వాటిలో పోర్ట్ మ్యాపింగ్‌ని బయటి పోర్ట్:లోపలి పోర్ట్ అని రాస్తారు. 8080:8080 అన్న లైన్ మీద & నొక్కితే 9090:8080 అవుతుంది. అదీ సరైన పోర్ట్ మ్యాపింగే కాబట్టి డాకర్ కిక్కురుమనదు. లోపలి ప్రోగ్రామ్ 9090లో ఉంటే మాత్రం కనెక్షన్ కలవదు, కారణం వెతుక్కోలేక తల బద్దలవుతుంది.

అందుకే నేను వాడేది :&&. రెండో & పాత ఫ్లాగ్స్‌ని కూడా తెస్తుంది. ఫైలంతా కావాలంటే :%&& కొట్టండి. కొన్ని లైన్లే అయితే సెలెక్ట్ చేసి కోలన్ నొక్కండి, రేంజ్ (ఏ లైన్లలో మార్చాలన్నది) దానంతటదే వస్తుంది, పక్కన && చేర్చితే చాలు. & కీకే దీన్ని మ్యాప్ చేసుకుంటే ఇంకా హాయి. విమ్ నుంచే పుట్టిన నియోవిమ్‌లో ముందే అలా ఉంటుంది.

జీ, & వరుసగా నొక్కినా ఫైలంతా మారుతుంది గానీ, నాకు దాని మీద నమ్మకం తక్కువ. అది చివరిగా వెతికిన పదాన్ని పట్టుకుంటుంది. మధ్యలో / కొట్టి ఇంకేదైనా వెతికి ఉంటే, ఆ పదాన్ని కనపడ్డ చోటల్లా 9090 చేసి పెడుతుంది!

@: కూడా ఉంది, చివరి కోలన్ కమాండ్ ఏదైనా మళ్లీ నడుపుతుంది. అయితే రేంజ్‌తో సహా. 10,20 అని ఇచ్చి ఉంటే, కర్సర్ 50వ లైన్లో ఉన్నా మళ్లీ ఆ పదకొండు లైన్లే మారతాయి.

ఒక్కొక్కటీ చూసుకుంటూ మార్చాలంటే ఇవన్నీ వదిలేయండి. / తో పదం వెతికి, సీ, జీ, ఎన్ వరుసగా నొక్కి, కొత్త పదం టైప్ చేసి ఎస్కేప్ కొట్టండి. ఎన్‌తో ముందుకెళ్తూ, మార్చాలనుకున్న చోట డాట్ నొక్కండి. ఇక్కడ మాత్రం మీ డాట్ పనిచేస్తుంది. విమ్ 7.4 గానీ ఆ తర్వాతిది గానీ ఉండాలి.