టెక్ సందేహాలు: పచ్చ లైటును నమ్మి నిద్రపోకండి

రిమోట్ విమానాలూ, సొంతంగా కూర్చుకున్న డ్రోన్లూ ఎగరేసేవారి నుంచి వచ్చే ఉత్తరాల్లో ఊరి పేర్లు మారుతున్నాయి గాని ఫిర్యాదు మారడం లేదు. బ్యాటరీ ఉబ్బిందనో, ఛార్జరు తీసుకోవడం లేదనో, నిన్నటిదాకా పది నిమిషాలు ఎగిరిన విమానం ఇప్పుడు నాలుగు నిమిషాలకే దిగిపోతోందనో రాస్తున్నారు. వీటిలో వాడే లిథియం పాలిమర్ ప్యాకుల గురించి, అంటే అందరూ లిపో అని పిలిచే వాటి గురించి, సెల్‌కు 3.7 వోల్టులు, నిండితే 4.2 వోల్టులు అన్న ఓనమాలు రాసినవారందరికీ వచ్చు కనుక వాటి జోలికి పోవడం లేదు. ఓనమాలు వచ్చినవారే ఇళ్లలో చేస్తున్న పనులు చూసి ఈ వారం శీర్షిక మొత్తాన్ని వీటికే కేటాయిస్తున్నాను.

మా అబ్బాయి ఇంటర్ చదువుతున్నాడు. థర్మోకోల్ విమానానికి 3ఎస్, అంటే మూడు సెల్స్ వరుసగా కలిపిన, 2200 ఎంఏహెచ్ బ్యాటరీ వాడుతున్నాడు. పగలు కరెంటు పోతుందని రాత్రి పడుకునే ముందు తన గదిలోనే, మంచం పక్కన ఛార్జింగు పెడతాడు. షాపువాళ్లు ఇచ్చిన 12.6 వోల్టుల అడాప్టరే వాడతాడు. నిండగానే పచ్చ లైటు వస్తుంది కాబట్టి భయం లేదంటాడు. నిజమేనా సర్? – ఒక తండ్రి, విజయవాడ

నిజం కాదండీ. ఆ పచ్చ లైటుకు తెలిసింది ఒక్కటే: ప్యాకు మొత్తం వోల్టేజి 12.6కు చేరిందని, ఇక కరెంటు పెద్దగా పారడం లేదని. ఆ 12.6ను లోపలి మూడు సెల్స్ ఎలా పంచుకున్నాయో దానికి తెలియదు, తెలుసుకునే ఏర్పాటు కూడా దానికి లేదు. కొత్త ప్యాకులో మూడూ 4.2 దగ్గరే ఉంటాయి. కొన్నాళ్లు వాడాక ఒక సెల్ 3.95 దగ్గరే ఆగిపోయి, మిగిలిన రెండూ 4.30కీ 4.35కీ వెళ్లిపోవచ్చు. కూడి చూడండి, అదే 12.6 వస్తుంది, అదే పచ్చ లైటు వెలుగుతుంది. 4.2 దాటి నెట్టుకుపోయిన సెల్‌లో లిథియం గ్రాఫైటు పొరల్లో ఇమడలేక లోహంగా పైన పేరుకుంటుంది, లోపలి ద్రావణం విడిపోయి వాయువు పుడుతుంది, వేడి పెరుగుతుంది. ఒక స్థాయి దాటాక ఆ వేడి రసాయన చర్యను, ఆ చర్య మరింత వేడిని పుట్టిస్తూ పోతాయి, అప్పుడు ప్లగ్గు పీకినా ఆగదు.

మీ అబ్బాయిది మొండితనం కాదు, ఫోను నేర్పిన అలవాటు. ఫోన్ని రాత్రంతా ఛార్జింగులో వదిలేస్తాం, ఏమీ కాదు, ఎందుకంటే ఫోను బ్యాటరీకి రక్షణ సర్క్యూటు అంటుకునే ఉంటుంది. వోల్టేజి హద్దు దాటినా, మరీ పడిపోయినా, షార్టు అయినా అది తెంచేస్తుంది. విమానాలకు వాడే లిపో ప్యాకులో సాధారణంగా అది ఉండదు. బరువు తగ్గాలి, మోటారుకు ఒక్కసారిగా పదుల ఆంపియర్లు అందాలి, అందుకని దాన్ని పెట్టరు. పైన గట్టి లోహపు డబ్బా కూడా ఉండదు, పలుచని అల్యూమినియం రేకు సంచీ మాత్రమే. ఆ ప్యాకుకు ఉన్న రక్షణ అంతా ఛార్జరులోనూ, పక్కన మెలకువగా ఉన్న మనిషిలోనూ ఉంది. మీ ఇంట్లో ప్రస్తుతం ఆ రెండూ లేవు.

2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో ఒక ఇంట్లోనూ, కొద్ది రోజుల తేడాతో మీ విజయవాడలోనే మరో ఇంట్లోనూ ఛార్జింగులో పెట్టిన విద్యుత్ స్కూటర్ల బ్యాటరీలు ఇంట్లోవాళ్లు నిద్రలో ఉండగా పేలి ప్రాణాలు పోయాయి. అదే ఏడాది సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో విద్యుత్ స్కూటర్ల షోరూము తగలబడి, పొగ పైనున్న లాడ్జీలోకి ఎక్కి ఎనిమిది మంది చనిపోయారు. అవి చాలా పెద్ద బ్యాటరీలు, మీ అబ్బాయిది సుమారు 24 వాట్ అవర్ల చిన్న ప్యాకు అని సరిపెట్టుకోవద్దు. పరుపు అంటుకోవడానికి అది చాలు. తలుపు మూసిన గదిలో నిద్రపోతున్న మనిషిని మంట కంటే ముందు పొగే చేరుతుంది. ఆ పొగలో ఊపిరితిత్తులను కాల్చే హైడ్రోజన్ ఫ్లోరైడ్ ఉంటుంది.

చేయవలసింది చెబుతాను. ఆ అడాప్టరును ఈ రోజే పక్కన పడేసి, ప్రతి సెల్ వోల్టేజినీ విడివిడిగా అంకెల్లో చూపించే బ్యాలెన్స్ ఛార్జరు కొనండి. ఎర్ర వైరూ నల్ల వైరూ ఉన్న లావు కనెక్టరుతో పాటు, నాలుగు సన్నని తీగలున్న తెల్ల బ్యాలెన్స్ ప్లగ్గు కూడా ప్రతిసారీ గుచ్చాలి. లిపో మోడ్, 3ఎస్, 2.2 ఆంపియర్లు – ఈ మూడింటినీ మొదలుపెట్టే ముందు తెర మీద చదివి సరిచూసుకోవాలి. ఎక్కువ ఆంపియర్లు పెట్టవచ్చని ప్యాకు మీద రాసి ఉన్నా, తొందర లేనివారికి 2.2 చాలు, గంటా గంటన్నరలో అయిపోతుంది. ఛార్జింగు మొదలైన కాసేపటికీ, ముగిసే ముందూ సెల్స్ అంకెలు చూడాలి. ముగిసేసరికి మూడూ ఒకే చోటికి రాకుండా ఒకటి ఎప్పుడూ వెనకబడుతూ ఉంటే ఆ ప్యాకుకు రోజులు దగ్గర పడ్డాయని అర్థం. టైల్స్ నేల మీద, పరదాలకూ పరుపులకూ బట్టల బీరువాకూ దూరంగా పెట్టండి. గది నుంచి బయటికి పోయే దారిలో మాత్రం వద్దు. బజారులో అమ్మే ‘అగ్నినిరోధక’ సంచీలు మంటను కొంత అణుస్తాయి గాని పొగను ఆపలేవు, కనుక సంచీ కొన్నామని నిద్రపోవడం కుదరదు. పక్కన ఇసుక బకెట్ ఒకటి ఉంచండి. ప్యాకు ఉబ్బడం మొదలైనా, తియ్యటి రసాయనపు వాసన వచ్చినా గోడ దగ్గర స్విచ్చి ఆపండి, ప్యాకును చేత్తో ముట్టుకోకండి. మంట వస్తే మెయిన్ ఆపి ఇసుకగాని నీళ్లుగాని కుమ్మరించవచ్చు. ఈ ప్యాకులకు నీళ్లు తగలకూడదన్న మాట చాలామంది నమ్ముతారు గాని, మంటను చల్లార్చి వేడి పక్క సెల్‌కు పాకకుండా చేసేది నీళ్లే. గది నిండా పొగ కమ్మితే వీరత్వం చూపకుండా తలుపు దాటి బయటికి వచ్చి అగ్నిమాపక దళానికి ఫోన్ చేయండి.

ఇక కరెంటు సంగతి. పోయిన కరెంటు తిరిగి వస్తే ఆ 12.6 అడాప్టరు ఎవరినీ అడగకుండా మళ్లీ మొదలుపెడుతుంది. కొందరు ఈ బాధ తప్పించుకోవడానికి హాబీ ఛార్జరును మెట్ల కింద ఉన్న ఇన్వర్టరు బ్యాటరీ టెర్మినళ్లకే క్లిప్పులతో తగిలిస్తున్నారట. ఛార్జింగులో ఉన్న సీసపు బ్యాటరీ హైడ్రోజన్ వదులుతుంది, క్లిప్పు తగిలించేటప్పుడు నిప్పురవ్వ పుడుతుంది. ఈ రెండింటినీ గాలి ఆడని మెట్ల కింద కలపవద్దు. పగలు కరెంటు ఉన్న గంటన్నర చూసుకుని, ఆ గదిలోనే కూర్చుని చదువుకోమనండి. అందుకు కుదరని రోజు విమానం ఎగరకపోతే నష్టం లేదు.

నా 3ఎస్ ప్యాకు మధ్యలో కొద్దిగా ఉబ్బింది, కానీ బాగానే పనిచేస్తోంది. సన్నని సూదితో గుచ్చి గాలి తీసి టేపు వేస్తే సరిపోతుందని ఒక వీడియోలో చూపించారు. చేయవచ్చా? – ఇంజనీరింగ్ విద్యార్థి, హనుమకొండ

చేయకూడదు. ఆ వీడియో తీసినవాడికి ఆ రోజు అదృష్టం బాగుంది, అంతే. సంచీ లోపల ధన, రుణ పొరల మధ్య అడ్డుగా ఉన్నది తల వెంట్రుక కంటే పలుచని ప్లాస్టిక్ పొర. సూది దాన్ని దాటిందంటే లోపలే షార్టు. దాటకపోయినా, ఆ రంధ్రం గుండా గాలిలోని తేమ లోపలికి వెళ్లి లిథియం లవణంతో కలిసి ఆమ్లం పుట్టిస్తుంది. ఉబ్బు అనేది తీసివేయవలసిన గాలి కాదు, ద్రావణం చెడిపోయిందనడానికి కనిపిస్తున్న సాక్ష్యం. ఎండలో ఎగిరి దిగిన ప్యాకు వేడికి కొద్దిగా మెత్తబడి చల్లారాక మామూలు కావచ్చు. చల్లారాక కూడా దిండులా ఉంటే ఇక వాడవద్దు. విమానం కూలినప్పుడు దెబ్బ తగిలిన ప్యాకుకూ ఇదే వర్తిస్తుంది: వెంటనే ఏమీ కాలేదని కారు డిక్కీలో పడేయకుండా, ఆరుబయట మట్టి మీద కాసేపు ఉంచి గమనించండి.

పారేయడం ఎలా అని తరువాతి ఉత్తరంలో అడుగుతారు కనుక ఇక్కడే చెబుతున్నాను. ఉప్పునీళ్ల బకెట్లో ముంచే పద్ధతిని వదిలేయండి. తీగలూ కొసలూ తుప్పుపట్టి తెగిపోతాయి, మీటరు సున్నా చూపిస్తుంది, లోపల ఛార్జి మాత్రం అలాగే ఉంటుంది. ఆరుబయట, పాత కారు బల్బు తగిలించి పూర్తిగా ఆరిపోయేదాకా దించండి. వాడేసిన బ్యాటరీలను తిరిగి సేకరించే బాధ్యతను 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నియమాలు ఉత్పత్తిదారుల మీద పెట్టాయి, వేరే చెత్తతో కలపకుండా అప్పగించే బాధ్యతను మన మీద పెట్టాయి. కొన్న షాపులో ఇవ్వబోతే మాకు సంబంధం లేదంటారు. అమ్మేటప్పుడు లేని మొహమాటం తీసుకునేటప్పుడు ఎందుకో. అప్పుడు ఈ-వ్యర్థాల సేకరణ కేంద్రానికి ఇవ్వండి, మునిసిపాలిటీ బండిలో మాత్రం వేయకండి. చెత్తను నొక్కే లారీలో అది నలిగితే ఏమవుతుందో పైన రాశాను.

పరీక్షల వల్ల కొన్ని నెలలు బ్యాటరీ వాడలేదు. ఇప్పుడు ఛార్జరు ‘లో వోల్టేజ్’ అని తీసుకోవడం లేదు. నికెల్ మోడ్‌లో, అంటే ఛార్జరులో నికెల్ బ్యాటరీల కోసం ఉన్న పద్ధతిలో, కొద్దిసేపు పెడితే లేస్తుందని స్నేహితులు అంటున్నారు. – కాకినాడ

ఛార్జరు తీసుకోనంటున్నది మీ మేలు కోరే. నికెల్ మోడ్‌లో పెట్టడమంటే ఆ కాపలాను కళ్లు మూసుకోమనడం. సెల్ బాగా కిందికి పడిపోయి ఎక్కువ కాలం ఉంటే రుణ పొరకు ఆధారమైన రాగి రేకు కరిగి ద్రావణంలో కలుస్తుంది; తిరిగి ఛార్జి చేసినప్పుడు ఆ రాగి ఎక్కడ పడితే అక్కడ పేరుకుని లోపల షార్టుకు దారి తీస్తుంది. ప్యాకు ‘లేచింది’ అని మీరు సంతోషించిన రోజు కాదు, మూడో ఛార్జికో నాలుగో ఛార్జికో దాని ఫలితం బయటపడవచ్చు. రెండు వోల్టుల దగ్గర నెలల తరబడి పడి ఉన్న సెల్‌ను వదులుకోండి.

ఇలా కావడానికి సాధారణంగా కారణం ప్యాకును విమానానికి తగిలించి వదిలేయడమో, వోల్టేజి హెచ్చరిక బీపర్ను బ్యాలెన్స్ ప్లగ్గుకు ఉంచేయడమో. ఆ బీపర్ చిన్నదే గాని అది కూడా తాగుతూనే ఉంటుంది. రెండు మూడు రోజుల్లో ఎగరేయని ప్యాకును ఛార్జరులోని స్టోరేజీ మోడ్‌తో సెల్‌కు 3.8 వోల్టుల దగ్గర ఉంచండి. నిండుగా ఉంచితే ఉబ్బుతుంది, ఖాళీగా ఉంచితే చస్తుంది. రెంటచింతల, రామగుండం వంటి చోట్ల మేలో నీడలోనే 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. ఎండలో ఆపిన కారు లోపల ఇక చెప్పనక్కరలేదు. నిండు ప్యాకులను అక్కడ వదలకండి, ఎగిరి వచ్చిన వేడి ప్యాకును చల్లారకుండా ఛార్జింగు పెట్టకండి.

అయితే అన్ని తప్పులూ వాడేవారివే అంటే అన్యాయం. బజారులో దొరికే ఏదో ఒక ప్యాకు తీసి తిప్పి చూడండి. 100సి అని బొమ్మంత అక్షరాలతో ఉంటుంది (సి అంటే సామర్థ్యానికి ఎన్ని రెట్ల కరెంటు ఇవ్వగలదో చెప్పే కొలత), తయారైన నెల ఏదో ఎక్కడా ఉండదు. 2200 ఎంఏహెచ్ ప్యాకు నిజంగా 100సి అయితే 220 ఆంపియర్లు ఆగకుండా ఇవ్వాలి. దానికి పెట్టిన కనెక్టరు 60 ఆంపియర్లది. ఆ అంకె ఎలా వచ్చిందో అడిగే దిక్కు లేదు. పాల ప్యాకెట్టు మీద తేదీ అడిగే మనం, గోదాములో ఎన్ని వేసవులు గడిపిందో తెలియని లిపోను వేల రూపాయలు పోసి మారుమాట లేకుండా కొంటున్నాం. నా సలహా ఏమిటంటే, కొట్టులోనే ప్రతి సెల్ వోల్టేజి చూపించమనండి. ఏదైనా ఒకటి మిగతా వాటికి తేడాగా ఉన్నా, 3.7 కంటే దిగువన ఉన్నా వద్దని చెప్పి వచ్చేయండి. కుదిరితే ఛార్జరులో అంతర్గత నిరోధం ఎన్ని మిల్లీఓములో మొదటి రోజే చూసి ప్యాకు మీద మార్కరుతో తేదీతో సహా రాసుకోండి. ఏడాది తరువాత అది రెట్టింపైతే ప్యాకు ఎందుకు త్వరగా దిగుతోందో మీకే తెలుస్తుంది.

పెళ్లిళ్లకు వాడే నా డ్రోన్ బ్యాటరీలు నిండుగా పెట్టినా వారం తరువాత చూస్తే తగ్గిపోయి ఉంటున్నాయి, బ్యాగులో వెచ్చగా కూడా ఉన్నాయి. చెడిపోయాయా? – కరీంనగర్

చెడిపోలేదు. కొన్ని రోజులు వాడకపోతే తనంతట తాను స్టోరేజీ స్థాయికి దిగే ఏర్పాటు ఇలాంటి స్మార్ట్ బ్యాటరీల్లో ఉంటుంది, ఆ వెచ్చదనం అందువల్లే. అది మంచి ఆలోచన. మంచిది కానిది, ముహూర్తం వేళకు డ్రోన్ తీస్తే బ్యాటరీ సాఫ్ట్‌వేర్ పాతది, అప్‌డేట్ చేస్తేనే ఎగురుతానని మొండికేయడం. బ్యాటరీకి భద్రతా అప్‌డేట్ అవసరమే, కాదనను. కానీ అది ఇంట్లో ఛార్జింగులో ఉన్నప్పుడు అడగాలి గాని, నెట్ అందని తోటలో అడగడం కాదు. ముందు రోజే ఇంట్లో అన్ని బ్యాటరీలూ ఒక్కొక్కటిగా తగిలించి అప్‌డేట్లు ముగించుకోండి.

డల్లాస్ నుంచి హైదరాబాద్ వస్తున్నాను. తమ్ముడి కోసం లిపో ప్యాకులు తేవచ్చా?

విడి బ్యాటరీలు చేతి సామానులోనే తేవాలి. వాట్ అవర్లు 100 లోపు ఉంటే సాధారణంగా విమాన సంస్థ అనుమతి అక్కరలేదు, 100 నుంచి 160 మధ్య అయితే అనుమతి తీసుకుని రెండు మాత్రమే. ప్యాకు మీద వాట్ అవర్లు లేకపోతే 3.7ను సెల్స్ సంఖ్యతోనూ, ఆంపియర్ అవర్లతోనూ గుణించండి: 6ఎస్ 5000 ఎంఏహెచ్ ప్యాకు 111 అవుతుంది కనుక దానికి ముందే రాసి అడగండి. స్టోరేజీ స్థాయికి దించి, కనెక్టర్లకు టేపు వేసి, ఒక్కొక్కటీ విడి సంచీలో పెట్టండి. చెక్-ఇన్ పెట్టెలో ఒక్కటి కూడా వద్దు. పనిలో పనిగా డ్రోన్ కూడా కొని తెద్దామనుకుంటే ఆగండి, తయారైన డ్రోన్ల దిగుమతిని కేంద్రం 2022 ఫిబ్రవరిలో నిషేధించింది. తమ్ముణ్ణి ఇక్కడే కొనుక్కోమనండి.